గూడు కుడివైపా, ఎడమవైపా: పాత టేపులు, ఫొటోలతో మా ఇంటిని వెతుక్కున్న అనుభవం

గత జనవరిలో అక్క ఇల్లు మారుతూ, ఇన్నాళ్లూ తన అటక మీదున్న ట్రంకు పెట్టెను నాకు అంటగట్టింది. "ఈ పిచ్చి నీకే కదరా, నువ్వే చూసుకో" అంది. తెరిస్తే ఒక జిగురు పేజీల ఆల్బం, అద్దాల ఫ్రేముల్లో కొన్ని ఫొటోలు, రేకు డబ్బా నిండా క్యాసెట్లు. మేం పెరిగిన ఇల్లు 1989లో అమ్మేశారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. పెట్టెలో ఉన్నవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లి, పాత ఫొటోలు ఎక్కడ నిలబడి తీశారో అక్కడే నిలబడి మళ్లీ తీయాలి అనుకున్నాను. వేసవిలోపు తేలిపోయే పనే అనిపించింది. అక్టోబరు దాకా సాగింది.

ముందు క్యాసెట్ల సంగతి. నాన్న 1984 నుంచి రెండేళ్లు దూరంగా ఉద్యోగం చేశారు. ఉత్తరాలు రాసే ఓపిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్లు. నాన్న తిరిగొస్తూ వాటన్నిటినీ వెంట తెచ్చుకున్నారు. అందుకే మా దగ్గర మిగిలినవన్నీ మేం పంపినవే, ఆయన మాకు పంపినవి ఒక్కటీ లేవు. ఏమయ్యాయని అడిగితే "వాటి మీద పాటలు ఎక్కించేశాం కదా" అంది అమ్మ, అదేదో అందరికీ తెలిసిన విషయంలాగా.

పెట్టె రాగానే చేసిన మొదటి పని క్యాసెట్ల రెక్కలు విరవడం. క్యాసెట్ వెన్నువైపు రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి లేకపోతే దాని మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. మావాటిలో ఒక్కదానికీ విరిచి లేవు. నలభై ఏళ్లు ఎవరి వేలూ ఎర్ర బటన్ మీద పడకపోవడం మా అదృష్టం. తర్వాత ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశాను. కొన్నిటిలో టేపును దాని మీది శబ్దం చదివే హెడ్‌కు నొక్కిపెట్టే చిన్న ఊలు మెత్త ఊడి లోపల పడి ఉంది, జిగురు ఎండిపోయి. వాటికి వేరే క్యాసెట్ల నుంచి తీసి అతికించాను. ఒకదానిలో చుట్ట అంచున తెల్లటి పొడి కనిపించింది. అది బూజు. అలాంటిదాన్ని ప్లేయర్‌లో పెడితే ఆ ప్లేయర్‌లో తర్వాత పెట్టే ప్రతి టేపుకూ అంటుకుంటుంది. దాన్ని విడిగా కవర్లో కట్టి పక్కన పెట్టాను.

నా దగ్గర మంచి ప్లేయర్ లేదు కాబట్టి ఫిబ్రవరిలో కొన్ని టేపులు బయట ఇచ్చాను. వారం అన్నారు, నాలుగో వారంలో పెన్‌డ్రైవ్ వచ్చింది. విన్నాను. నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టున్నాయి గొంతులు. వెనకాల సరసర శబ్దం లేకుండా సాఫ్ట్‌వేర్‌తో కడిగేశారు, దాంతోపాటు గదిలోని శబ్దాలన్నీ పోయాయి. పైగా శబ్దాన్ని కుదించే ఎంపీత్రీ చేసి ఇచ్చారు. టేపు సరసర తగ్గించే డాల్బీ స్విచ్ కూడా వేసి ప్లే చేసినట్టున్నారు. మామూలు టేపు రికార్డరులో డాల్బీ లేకుండా రికార్డైనదాన్ని డాల్బీ వేసి ప్లే చేస్తే పైస్థాయి శబ్దాలు అణిగిపోతాయి. మీరూ బయట ఇవ్వాలనుకుంటే, ఇచ్చే ముందే చెప్పండి: శుభ్రం చేయొద్దు, డాల్బీ వద్దు, కుదించని వేవ్ ఫైలే కావాలి అని. శుభ్రం చేయడం తర్వాతైనా చేసుకోవచ్చు, పోయినదాన్ని తెచ్చుకోలేం.

మార్చిలో సెకండ్‌హ్యాండ్ క్యాసెట్ డెక్ ఒకటి కొన్నాను. ధర చూసి సంతోషించాను కానీ లోపలి రబ్బరు బెల్టులు కరిగి తారులా అయిపోయాయి. బెల్టులు, టేపును లాగే రబ్బరు చక్రం మార్పించడానికి డెక్ ఖరీదుకు రెట్టింపు దాటింది. ఈ మొత్తం పనిలో నా జేబుకు పడిన పెద్ద చిల్లు ఇదే. విడిభాగాల కోసం ఎదురుచూడటంలో మార్చి నెల గడిచిపోయింది.

ఏప్రిల్‌లో అసలు పని మొదలైంది. గంట టేపు ఎక్కించడానికి గంట పడుతుంది, దానికి దగ్గరదారి లేదు. కానీ ప్లే చేసే ముందు ప్రతి టేపుకూ ఇంకో పని ఉంది. డెక్ హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ వాలులో ఉందో, మన డెక్ హెడ్ అదే వాలుకు రావాలి. రాకపోతే గొంతు దుప్పటి కప్పినట్టు వస్తుంది. ఆ మరను వెంట్రుకవాసి తిప్పుతూ వింటుంటే ఒకచోట "స", "ష" అక్షరాలు టక్కున విచ్చుకుంటాయి. నాయనమ్మ "సరస్వతి" అని మా అత్తను పిలిచిన ఒక్క ముక్కనే పదేపదే తిప్పి వింటూ మర సరిచేశాను. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైళ్లుగా ఎక్కించాను.

అప్పటికీ ఏదో తేడాగా ఉంది. నాయనమ్మ గొంతు సన్నగా, కాస్త తొందరగా ఉంది. అక్కకు పంపితే, "ఇది నాయనమ్మ కాదురా, నాయనమ్మను అనుకరిస్తున్న చిన్నపిల్లలా ఉంది" అంది. నాకు ఆ గొంతు అసలు గుర్తులేదు కాబట్టి నేను నమ్మేసేవాణ్ణే.

జవాబు టేపులోనే దొరికింది. టేపు రికార్డరును కరెంటుకు పెట్టి రికార్డు చేసినప్పుడు సన్నటి "మ్‌మ్‌" అనే హమ్ టేపు మీదికి ఎక్కుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ స్థాయి శబ్దం ఎంతుందో చూపే గ్రాఫ్) గీయించి చూస్తే మా టేపులో ఆ హమ్ 53 దగ్గర ఉంది. అంటే మా ఇంటి టేపు రికార్డరు ఉండాల్సినదానికంటే నెమ్మదిగా తిరిగింది. సెకనుకు 4.76 సెంటీమీటర్లు వెళ్లాల్సిన టేపు అంతకంటే తక్కువ వెళ్లింది. సరైన డెక్‌లో వింటే అందుకే తొందరగా వస్తోంది. శ్రుతిలో చూస్తే దాదాపు ఒక స్వరస్థానం పైకి. వేగం తగ్గించి హమ్‌ను 50కి దించాను. 30 నిమిషాల వైపు కాస్తా 32 నిమిషాలకు దగ్గరైంది. మళ్లీ అక్కకు పంపాను. ఆరోజు ఫోన్ రాలేదు. మర్నాడు మెసేజ్ వచ్చింది: "సగం విన్నా. మిగతాది తర్వాత వింటా."

బ్యాటరీలతో రికార్డు చేసిన టేపులు ఇంకా చిక్కు. కరెంటు లేదు కాబట్టి హమ్ లేదు. బ్యాటరీ అయిపోతున్నకొద్దీ టేపు ఇంకా నెమ్మదిగా తిరిగి ఉంటుంది, ఇప్పుడు వింటే చివరికొచ్చేసరికి అందరూ పిట్టల్లా మాట్లాడతారు. ఇక్కడ ఆదుకున్నది మా గోడగడియారం. ప్రతి టేపులోనూ వెనకాల టిక్కుటిక్కుమంటూనే ఉంది. కరెంటుతో రికార్డైన భాగంలో వేగం సరిచేశాక నిమిషానికి ఎన్ని టిక్కులో లెక్కపెట్టుకున్నాను. బ్యాటరీ టేపును ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలోనూ టిక్కులు అంతే వచ్చేలా వేగం మార్చుకుంటూ వెళ్లాను. బయట చేయించిన ఫైళ్లలో ఈ గడియారమే లేదు. చెత్త శబ్దమని తుడిచేశారు. నాకు ఉన్న ఒకే ఒక్క కొలబద్ద అది.

మే నెలంతా ఇవే విన్నాను. అందులో ఉన్నవి పెద్ద విశేషాలేం కావు. నాన్నకు చెప్పాల్సినవన్నీ నాయనమ్మే చెబుతుంది: ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, పైకప్పు ఎక్కడ కారుతోంది. తలుపు కిర్రుమంటే "గొళ్లెం పెట్టవే" అంటుంది మాట ఆపకుండానే. అమ్మ వంతు వచ్చేసరికి "ఇంకేం చెప్పాలి" అని ఆగిపోతుంది, గడియారం మాత్రం మోగుతూ ఉంటుంది. ఒక టేపులో నన్ను నాన్నతో మాట్లాడమంటారు. "ఈ డబ్బాలో నాన్న లేడు" అంటాడు ఆ పిల్లాడు. అందరూ నవ్వుతారు. ఆ పిల్లాడు నేనే, నాకు మాత్రం అదెప్పుడు జరిగిందో లేశమైనా గుర్తులేదు. మనకు అందే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నర ఏళ్ల వయసువని అంటారు. టేపులో నాకు మూడేళ్లో నాలుగేళ్లో. అయినా ఆ నవ్వులు విన్నా నాలో ఏదీ కదల్లేదు. వేరేవాళ్ల ఇంట్లో చెవి ఒగ్గి విన్నట్టుంది. ఇలాంటివి వింటే గుండె కరిగిపోతుందని అందరూ చెబుతారు కదా, నాకైతే మొదట కలిగింది కొత్తచోటికి వచ్చిన మొహమాటం.

ఒక క్యాసెట్ రెండోవైపు అమ్మ ఒక్కతే మాట్లాడింది. రాత్రిపూట, గొంతు తగ్గించి, నాన్నతో. మొదటి కొన్ని వాక్యాలు వినగానే ఆపేశాను. అక్క దగ్గరుంటున్న అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, ఇలా ఒకటుంది, ఏం చేయమంటావ్" అని అడిగాను. ఆలోచించి చెబుతానంది. రెండు వారాలకు తనే ఫోన్ చేసి, "వినకు. పారేయకు కూడా. దాచు" అంది.

వినకుండా ఎక్కించడం సాధ్యమేనా? సాధ్యమే. స్పీకర్లు తీసేసి, తెర మీద శబ్దం స్థాయి చూపించే ఆకుపచ్చ గీతలు మాత్రం చూస్తూ కూర్చున్నాను. గీతలు లేస్తాయి, పడతాయి, చాలాసేపు అలాగే పడి ఉంటాయి, మళ్లీ లేస్తాయి. మర సరిచేయడానికి అదే క్యాసెట్ మొదటివైపు విన్నదాన్నే ఆధారం చేసుకున్నాను. హమ్ ఎక్కడుందో గ్రాఫ్ చెబుతుంది కాబట్టి వేగం కూడా వినకుండానే సరిచేయగలిగాను. ఆ ఫైల్‌కు తాళం వేసి అమ్మకు ఇచ్చాను. ఇంటి టేపులు ఎక్కించాలనుకునేవాళ్లు దీని గురించి ముందే ఆలోచించుకోవాలి. రికార్డు చేసినవాళ్లు మనకోసం చేయలేదు.

జూన్ ఫొటోలకు పోయింది, దాని గురించి చెప్పేది తక్కువ. జిగురు ఆల్బంలో ఫొటోలను పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారంతో వెనకనుంచి నెమ్మదిగా కోస్తూ ఊడదీశాను. రానివాటిని పేజీలోనే ఉంచి కెమెరాతో తీశాను. రంగు ఫొటోలన్నీ ఎర్రబారిపోయాయి. పాత రంగు ఫొటోల్లో నీలం-పచ్చ రంగు ముందు వెలిసిపోవడం మామూలే. బ్లాక్ అండ్ వైట్‌వి వాటికంటే పాతవైనా నిక్షేపంగా ఉన్నాయి. ఫ్రేములోని ఫొటో అద్దానికి అతుక్కుపోతే మాత్రం లాగకండి, బొమ్మ అద్దంతోపాటే వచ్చేస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయండి. మాకు ఉన్న పెద్ద ఫొటో అలాగే అతుక్కుని ఉంది. 1985లో నాన్న సెలవు మీద వచ్చినప్పుడు వసారా మెట్ల మీద అందరం కూర్చున్నది. పెదనాన్న తీశారు, మెడలో వేలాడేసుకుని పైనుంచి కిందికి తొంగిచూసే ట్విన్ లెన్స్ కెమెరాతో. చతురస్రపు ఫొటో. తలుపు ఎడమవైపు, గోడలో తాళంచెవులు పెట్టుకునే గూడు కుడివైపు. ఇల్లు అనగానే నాకు కళ్లముందు మెదిలేది అదే.

ఇంట్లో ఇప్పుడుంటున్నది మా దగ్గర కొన్నవాళ్లు కాదు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లు. జులై మొదట్లో వాళ్లకు ఉత్తరం రాశాను, ఫోన్ చేసి అడిగితే భయపడతారేమోనని. రెండు పాత ఫొటోల ప్రింట్లు కూడా జతచేశాను. దాదాపు నెలకు జవాబొచ్చింది. పాత ఇంటివాళ్లు వస్తామంటే హక్కులేమైనా అడుగుతారేమోనని ఇంట్లో కొంచెం చర్చ జరిగిందట, తర్వాత ఆ ఇంటావిడే చెప్పింది. షరతులు రెండే: మనుషుల్ని తీయకూడదు, పడకగదిలోకి రాకూడదు. వచ్చే ఏడాది ఇల్లు పడగొట్టి కట్టబోతున్నామని, త్వరగా రమ్మని కూడా రాశారు.

ఆగస్టులో వెళ్లాను. కెమెరా, స్టాండు, పాత ఫొటోల మామూలు కాగితపు ప్రింట్లు. అదే చోటు నుంచి తీయడం ఎలాగంటే, పాత ఫొటోలో దగ్గరి వస్తువు అంచు దూరపు వస్తువు మీద ఎక్కడ పడుతోందో చూడాలి. స్తంభం అంచు కిటికీ ఊచల్లో మూడోదాన్ని కప్పుతోందనుకోండి, మన కెమెరాలోనూ మూడోదాన్నే కప్పేదాకా పక్కకు జరగాలి. ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ అలాగే. పెదనాన్న కెమెరా పొట్ట దగ్గర ఉండేది కాబట్టి స్టాండును నా నడుము ఎత్తుకు దించాక గానీ ఏదీ కుదరలేదు. దించగానే ఇంకొకటి తెలిసింది: అది దాదాపు అప్పటి నా కళ్ల ఎత్తు. నిలబడి చూస్తే వసారా ఇరుగ్గా, మామూలుగా ఉంది. వంగి వ్యూఫైండర్లోంచి చూస్తే పెద్దగా అయింది.

అన్నీ కుదిరాయి, ఆ పెద్ద ఫొటో తప్ప. ఎక్కడ నిలబడినా తలుపు కుడివైపు, గూడు ఎడమవైపు. గోడలేమైనా మార్చారా అని అడిగాను. "మేం రంగులు తప్ప ఏమీ ముట్టుకోలేదండీ. గూడు మేం వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది" అంది ఆవిడ. కాసేపటికి వాళ్ల పెద్దాయన నా చేతిలోని ప్రింటు తీసుకుని, ఎండకు ఎత్తిపట్టి, వెనకవైపు నుంచి చూశారు. "ఇలా చూడండి" అన్నారు. కాగితం వెనకనుంచి కనిపిస్తున్న బొమ్మ, ఎదురుగా ఉన్న వసారా, రెండూ ఒక్కటే. ఫొటో కడిగేటప్పుడు నెగెటివ్‌ను తిరగేసి పెట్టి ప్రింటు తీశారన్నమాట. ఆ కెమెరాలో తొంగిచూస్తే కుడి ఎడమలు తారుమారుగానే కనిపిస్తాయి కానీ ఫిల్ము మీద సరిగ్గానే పడుతుంది, కాబట్టి తప్పు కెమెరాది కాదు. తిరిగొచ్చాక భూతద్దంతో చూస్తే నాన్న చొక్కా జేబు ఆయన కుడి ఛాతీ మీద ఉంది. దాదాపు నలభై ఏళ్లు గోడ మీద వేలాడిన ఫొటోలో ఒక్కరం చూడలేదు.

అక్కకు ఫోన్ చేశాను. "గూడు ఎడమవైపేరా. బడి నుంచి రాగానే ఎడమచేత్తో తాళం తీసేదాన్ని. ఫొటోలో కుడివైపుందా? ఎప్పుడూ గమనించలేదే" అంది. ఆమెకు ఇల్లు చేతిలో గుర్తుంది. నాకు గుర్తున్నది ఫొటో. మెట్లెక్కి వచ్చి కుడిచేయి చాపి గూట్లో వేళ్లు పెట్టడం, సున్నం చల్లగా తగలడం, ఇవన్నీ నాకు స్పష్టంగా ఉన్న జ్ఞాపకాలు. ఆ వైపు గూడే లేదు. 2002లో కింబర్లీ వేడ్, ఆమె తోటి పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. పెద్దవాళ్ల చిన్ననాటి ఫొటోను హాట్ ఎయిర్ బెలూన్ బుట్టలో అతికించి, నిజమైన ఫొటోల మధ్య పెట్టి, గుర్తుచేసుకోమని అడిగితే, సగం మంది ఎన్నడూ ఎక్కని బెలూన్ ప్రయాణాన్ని ఎంతో కొంత గుర్తుచేసుకున్నారు. అది చదివినప్పుడు వాళ్లెంత అమాయకులో అనుకున్నాను. నాకైతే ఎవరూ ఏమీ అతికించనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు నా జ్ఞాపకాలను ఏరడమే పని. దేనిలోనైనా నన్ను నేను బయటినుంచి చూస్తున్నానంటే అది ఏదో ఒక ఫొటోయే. ఆల్బం తిరగేస్తే దొరికేది. అలా తీసేస్తూ పోతే మిగిలినవి బహుకొద్ది, వాటిలో ఒక్కటీ ఫొటో తీయదగ్గది కాదు. వర్షంలో కారే చోట పెట్టిన ఇత్తడి గిన్నె చప్పుడు ఒకటి. అది టేపుల్లో లేదు కానీ నాయనమ్మ నాన్నకు చెప్పిన కారే చోటు, నాకు గుర్తున్న చోటు ఒకటే. ఆ ఒక్కటి చాలు అన్నంత సంతోషం వేసింది.

నెగెటివ్‌ల కోసం పెదనాన్న కొడుకు అన్నయ్యను అప్పటికే అడిగి ఉంచాను. వెతికి సెప్టెంబరు చివర్లో కవరు పంపాడు. తెరవగానే సన్నగా వెనిగర్ వాసన. అసిటేట్ ఫిల్ము పాడవడం మొదలైతే వచ్చే వాసన అది, ఇంకా ఆలస్యం చేస్తే ఫిల్ము ముడుచుకుపోతుంది. ఆ రాత్రే స్కాన్ చేశాను. నెగెటివ్ అంచున నంబర్లుంటాయి, అవి సరిగ్గా చదవగలిగే వైపు నుంచి చూస్తే బొమ్మ కూడా సరైన వైపుకు ఉంటుంది. వసారా నెగెటివ్‌లో గూడు ఎడమవైపే ఉంది, నాన్న జేబు ఆయన ఎడమ ఛాతీ మీదే ఉంది. కొత్త ప్రింటు తీయించాను. అమ్మ దాన్ని చూసి "బాగుంది కానీ పాతదే పెట్టు గోడకి" అంది. పాతదే ఉంది.

అదే కవర్లో ఎవరూ ప్రింటు వేయించని నెగెటివ్‌లు రెండు దొరికాయి. పెరట్లో బావి, గట్టు మీద అక్క. ఒకటి వంటగది గుమ్మం దగ్గర నుంచి, ఒకటి ప్రహరీ మూల నుంచి తీసినవి. ఈ సంగతి ఇంటివాళ్లకు ఫోన్లో మాటవరసకు చెప్పాను. ఆవిడ గొంతు మారిపోయింది. మధ్యలో కొన్నవాళ్లు బావిని పూడ్చేశారట, ఎక్కడో సరిగ్గా ఎవరికీ తెలియదట. కొత్త ఇంటి పునాది పూడిన బావి మీద పడితే కుంగుతుందని వాళ్ల ఇంజినీరు గోల పెడుతున్నాడట. "మీరు ఒకసారి రాగలరా" అని అడిగింది. ఈసారి పిలిచింది వాళ్లు.

అక్టోబరులో వెళ్లాను. పద్ధతి అదే. వంటగది గుమ్మం దగ్గర కిటికీ అంచు, వెనకింటి గోడ మూల కలిపి పెదనాన్న నిలబడిన చోటు పట్టుకున్నాను. ఫొటోలో బావి మధ్యభాగం ఏ దిక్కులో ఉందో ఆ దిక్కులో తాడు లాగాం. ప్రహరీ మూల నుంచి రెండో తాడు. రెండు తాళ్లూ కలిసిన చోట పెద్దాయన ముగ్గుపిండితో గుండ్రంగా గీత పోశారు. వీడియో కాల్‌లో అక్కకు చూపించాను.

"అక్కడ కాదురా. ఇంకో రెండడుగులు గోడవైపు. గిలక తిప్పుతుంటే మోచెయ్యి గోడకు కొట్టుకునేది నాకు."

నెగెటివ్ ప్రకారం ఇక్కడే వస్తోంది అక్కా అన్నాను. "నీ నెగెటివ్ నీళ్లు తోడిందా" అంది. ఇంజినీరు నా వంక చూశాడు, ఫోన్ వంక చూశాడు. ఆవిడే తేల్చేసింది, రెండుచోట్లా తవ్వించి చూద్దామని.